నెక్లెస్ రోడ్డు చాయ్ తాత

మా పెద్దమ్మ మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇది నిజంగా జరిగింది. ఆవిడ తణుకులో ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. పొద్దున్నే రెండు పెసరట్లు తిని, నాకు ఫోన్ చేసి మరీ తిడుతుంది. అలాంటి మనిషి మీద దొంగ ఒట్టు వేసే ధైర్యం నాకు లేదు. కాబట్టి నవ్వాలనుకునేవాళ్ళు చివర్లో నవ్వండి... మధ్యలో మాత్రం వద్దు.

అప్పట్లో నేను అమీర్‌పేటలో జావా నేర్చుకుంటున్నాను. అసలు ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఉండి జావా నేర్చుకోనివాళ్ళు ఎవరని అడగాలి. గోడ ఖాళీగా కనిపిస్తే కోచింగ్ బోర్డు. గది ఖాళీగా కనిపిస్తే నాలుగు మంచాల హాస్టల్. నా పక్క మంచం స్వరూపది. సిరిసిల్ల పిల్ల. వాళ్ళ నాన్న అక్కడ మగ్గాలు నడిపిస్తాడు. నా తెలుగు వింటే దానికి నవ్వు, దాని తెలుగు వింటే నాకు నవ్వు. అలా నవ్వుకుంటూనే స్నేహితులమైపోయాం.

పెద్దమ్మ రెండు రోజులకని హైదరాబాద్ చూడ్డానికి వచ్చింది. చూడ్డానికి అనేకన్నా తినడానికి అంటే సరిగ్గా ఉంటుంది. మా అమ్మ ఉద్యోగానికి వెళ్ళేది కాబట్టి నన్ను పెంచింది ఈవిడే. షుగర్ మనిషి. ఆవిడ రైలెక్కగానే పెదనాన్న నాకు ఫోన్ చేశాడు. "అమ్మాయ్, బిళ్ళ వేసుకున్న అరగంటలోపు దాని కడుపులో ఏదో ఒకటి పడాలి. లేకపోతే షుగర్ దిగిపోయి మనిషి మనిషి కాదు. మొన్న వేసవిలో ఆసుపత్రిదాకా వెళ్ళొచ్చాం. బాధ్యత నీదే."

నాదేనన్నాను. ఏముంది, తినిపించడమేగా!

నిజంగానే పొద్దుటి నుంచి తినిపిస్తూనే ఉన్నాం. అమీర్‌పేటలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. "ఇది ఉప్పో తీపో తేలట్లేదే, ఇంకోటి ఇవ్వు" అంటూ నాలుగు లాగించింది. మధ్యాహ్నం పంజాగుట్టలో బిర్యానీ. అంతా తిన్నాక సర్వర్ని పిలిచి, "బాబూ, పప్పు లేదా?" అని అడిగింది. స్వరూప మొహానికి చున్నీ అడ్డం పెట్టుకుంది. సాయంత్రం హుస్సేన్ సాగర్‌లో బుద్ధుడి దగ్గరికి పడవ. అక్కడిచ్చిన లైఫ్ జాకెట్ బకిల్ పెద్దమ్మకి పట్టలేదు. "ఇది బిగిస్తే నేను మునగను గానీ, ఊపిరాడక పోతాను" అంది. పడవంతా నవ్వులే. బుద్ధుడి పాదాల దగ్గర తలెత్తి చాలాసేపు చూసింది. "ఇంత కంపులో నిలబడి కూడా ఎంత ప్రశాంతంగా ఉన్నాడమ్మా!" అంది.

అక్కణ్నుంచి ఆటోలో నెక్లెస్ రోడ్డుకి. దిగగానే మిరపకాయ బజ్జీలని ముందే తీర్మానం అయిపోయింది. అందుకని ఆటోలోనే బిళ్ళ వేసేసుకుంది.

ఇక్కడే తప్పు జరిగింది. బజ్జీల బండి దగ్గర జనం విరగబడి ఉన్నారు. పెద్దమ్మకి మోకాళ్ళ నొప్పులు. నీళ్ళ వైపు రెయిలింగ్ పక్కన సిమెంటు బెంచీ ఉంటే కూర్చోబెట్టాం. "కదలకు" అన్నాను. "కదలమన్నా కదల్లేను వెళ్ళవే" అంది.

వాయి దిగుతుంది... అయిపోతుంది. మళ్ళీ వాయి. మళ్ళీ అయిపోతుంది. పావుగంటా... ఇరవై నిమిషాలా... సరిగ్గా మా వంతు వచ్చేసరికి...

దీపాలు పోయాయి.

రోడ్డు పొడవునా. ఒక్కసారిగా. బండి కింద స్టవ్ మంట ఒక్కటే నీలంగా కనిపిస్తోంది. అవతలి గట్టు మీద మాత్రం దీపాలు వరసగా వెలుగుతూనే ఉన్నాయి. మా వైపే చీకటి. జనం ఈలలు వేశారు, పిల్లలు కేకలు పెట్టారు. నాకేం భయం వెయ్యలేదు. బజ్జీలు వదిలేసి, తడుముకుంటూ బెంచీ దగ్గరికి వెళ్ళాం.

బెంచీ ఖాళీ.

"పెద్దమ్మా!" అని పిలిచాను. లేదు. ఇటు పరిగెత్తాను. లేదు. అప్పుడు గుర్తొచ్చింది... బిళ్ళ వేసుకుని అరగంట దాటింది. మనిషి మనిషి కాదు అన్నాడు పెదనాన్న. తనెవరో తెలియని స్థితిలో, ఆ చీకట్లో... ఒక పక్క రోడ్డు, ఒక పక్క నీళ్ళు. ఏడుపొచ్చేసింది. ఆవిడకేమైనా అయితే నేను ఎవరికి మొహం చూపించగలను?

"ఏడ్వకే, దేవులాడుదాం పా" అని స్వరూప నా చెయ్యి పట్టుకుంది.

అప్పుడు వినిపించింది.

టింగ్...

గాజు గ్లాసు మీద చెంచాతో కొట్టిన చప్పుడు. చాయ్ కలిపేవాడు చివర్లో ఒకసారి కొడతాడు చూడండి... అదే.

టింగ్... టింగ్...

తొందరేమీ లేదు. కొట్టడం... ఆగడం... మళ్ళీ కొట్టడం. ఎందుకో తెలియదు, ఇద్దరం ఆ చప్పుడు వైపే నడిచాం. మేం నడుస్తుంటే అది ముందు నుంచి వినిపిస్తుంది. మేం ఆగితే అదీ ఆగుతుంది. ఫోన్ తెర వెలుగులో నా చెప్పులు తప్ప ఇంకేం కనపడవు. జనం గోల వెనక్కి వెళ్ళిపోయింది. నీళ్ళు రాళ్ళకి తగిలే చప్పుడు... గుర్రపుడెక్క వాసన...

టింగ్.

ఎదురుగా మెట్టు మీద పెద్దమ్మ కూర్చుని ఉంది. చీరంతా చెమటతో తడిసిపోయింది. రెండు చేతుల్లో గాజు గ్లాసు. తాగుతోంది.

ఒక్క ఉదుటున వెళ్ళి కావలించుకున్నాను. "ఏంటే ఈ గోల, చాయ్ ఒలుకుతుంది" అంది. ఆ గొంతు వినగానే నా ప్రాణం లేచొచ్చింది. గ్లాసు తీసుకున్నాను. వేడిగా ఉంది. అడుగున వేలెడు మందాన కరగని చక్కెర.

"ఎవరిచ్చారు?"

"ఎవరో పెద్దాయనే. నాకు లోకం తిరిగిపోయింది, ఎటు లేచి నడిచానో తెలీదు. నాలిక మడతపడిపోయి మాట రావట్లేదు. నా రెక్క పట్టుకుని ఇక్కడ కూర్చోబెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు... నాలుగు చెంచాలు వేశాడే! 'జర కూసో తల్లీ, ఇది తాగు. పిల్లలు వస్తున్నరు' అన్నాడు."

"మా గురించి చెప్పావా?"

"నోరు పెగిల్తేగా చెప్పడానికి?"

"మరి ఆయనేడి?"

"ఇప్పుడేనే... అటు" అని చెయ్యి చూపించింది.

అటు రెయిలింగ్ ఉంది. రెయిలింగ్ అవతల నీళ్ళు.

నేను ఏదో అనబోయాను. అప్పుడు... సరిగ్గా అటు నుంచి... కాస్త దూరంగా...

టింగ్...

స్వరూప గోళ్ళు నా చేతిలో దిగాయి. అది కూడా విన్నది. ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాం. ఇంకోసారి వినిపిస్తుందని చూశాం... వినిపించలేదు.

దీపాలు వచ్చాయి. రెయిలింగ్ పట్టుకుని తొంగి చూశాను. నీళ్ళు, గుర్రపుడెక్క, తేలుతున్న ప్లాస్టిక్ సంచీ. పడవ లేదు. మనిషి లేడు.

నీళ్ళ మీద చప్పుడు ఎక్కడిదో ఎక్కడో వినిపిస్తుందంటారు. అదే అయ్యుంటుంది అనుకున్నాను. అనుకోకపోతే అడుగు పడదు కదా!

పెద్దమ్మ మాత్రం లేచి చీర దులుపుకుంది. "పరాయి సొత్తు మనకెందుకు, గ్లాసు ఇచ్చేద్దాం పదండి. ఆ బజ్జీలతనికి తెలిసే ఉంటుంది" అంది. ఆ వంకన బజ్జీలు కూడా అయిపోతాయని ఆవిడ లెక్క.

బండి దగ్గర జనం పలచబడ్డారు. బజ్జీలాయన దగ్గర ఏ గ్లాసూ లేదు, అన్నీ కాగితం ప్లేట్లే. స్వరూప గ్లాసు చూపించింది. "అన్నా, గిక్కడ చాయ్ అమ్మేటి పెద్దమనిషి ఎవలన్నా ఉన్నరా? గిది గాయనదే."

ఆయన చేతిలో జల్లిగరిటె ఆగింది. గ్లాసు తీసుకుని తిప్పి చూశాడు. "చాయ్ తాతదా..." అన్నాడు. "తాత పోయిండమ్మా."

పెద్దమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "పోయాడా! ఓరి నాయనో... మరి నాకు చాయ్ ఇచ్చిందెవరే!" మళ్ళీ చెమటలు పట్టేస్తున్నాయి.

స్వరూప పకపకా నవ్వింది. "అయ్యో పెద్దమ్మా! పోయిండంటే పోయిండు, గంతే! ఇంటికి పోయిండు. మీరు వెళ్ళాడంటరు సూడు, మేం పోయిండంటం. ఏం ఫికర్ చెయ్యకు."

నిజమే కదా! ఆరు నెలలుగా దాని పక్కనే ఉంటున్నాను, ఆ మాత్రం నాకు తట్టలేదు. ముగ్గురం పడీ పడీ నవ్వాం. "మీ తెలుగు తగలెయ్య, ప్రాణం తీశావు కదే" అని పెద్దమ్మ దాని బుగ్గ గిల్లింది. ఆ ఊపులో ఆరు బజ్జీలు తినేసింది. తింటూ బండాయన్ని అడిగింది. "మళ్ళీ ఎప్పుడొస్తాడు నాయనా? ఒక్కసారి చూసి వెళ్తాను."

ఆయన పెద్దమ్మ వైపు కాసేపు చూశాడు.

"ఇంకో ప్లేట్ ఇయ్యాల్నా అమ్మా?" అన్నాడు.

గ్లాసుని భుజం మీది తువ్వాలుతో తుడిచి, బండి కింద పెట్టెలో దాచుకున్నాడు. అది నేనొక్కదాన్నే చూశాను.

రాత్రి హాస్టల్లో పెద్దమ్మ నా మంచం మీద గురక పెడుతోంది. నేను కింద చాప మీద పడుకున్నాను. పైన ఫ్యాన్ కిర్రు కిర్రుమంటోంది.

"పద్మా... నిద్రపోయినవా?" అంది స్వరూప, మెల్లగా.

"లేదు."

"ఒకటి చెప్త. పెద్దమ్మకు చెప్పకు."

"చెప్పు."

అది మంచం అంచుకి జరిగి, నా వైపు వంగింది.

"మా దిక్కు సుత... మనిషి సచ్చిపోతే... పోయిండనే అంటరే."

నేను దుప్పటి తల మీదికి లాక్కున్నాను. "మరి అక్కడ ఇంటికి అన్నావుగా?"

"ఇంకేమనాలె? పెద్దమ్మ మొహం సూశినవా? అప్పుడే జర తేరుకున్నది."

ఆ తర్వాత మేమిద్దరం రెండుసార్లు అక్కడికి వెళ్ళాం. బండి ఉంది, ఆయన ఉన్నాడు. "నువ్వడుగు" అని నేను, "నువ్వడుగు" అని అది. బజ్జీలు తిని వచ్చేశాం. "ఏ పోవడం, అన్నా?" అని ఒక్క ముక్క అడిగితే తేలిపోయేది. నోరు రాలేదు. కొన్నాళ్ళకి ఇద్దరికీ ఉద్యోగాలొచ్చాయి, హాస్టలే మారిపోయాం. ఇప్పుడక్కడ ఆ బండీ లేదు.

చాయ్ అమ్ముకునే పెద్దాయనకి షుగర్ దిగినవాళ్ళని చూస్తే తెలిసిపోతుందేమో. పెద్దమ్మ మగతలో నా పేరు గొణిగిందేమో. ఏమో. గ్లాసు వేడిగా ఉంది, అది మాత్రం నా చేతికి తెలుసు.

పోయినేడు ఇక ఆగలేక స్వరూప అన్న మాట పెద్దమ్మకి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. టక్కున ఫోన్ పెట్టేసింది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఫోన్.

"ఒసేయ్, ఇన్నేళ్ళూ దీపం పెట్టేటప్పుడు ఆయన్ని చల్లగా ఉంచమని దణ్ణం పెట్టుకుంటున్నానే. బతికున్నవాడికైతే అదే అనాలి. లేనివాడికైతే ఏమనాలే?"

నేను ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"సర్లే, తెలిసేదాకా రెండూ అంటాను. ఫోన్ పెట్టెయ్, పెసరట్టు మాడుతోంది."