సిస్టర్ ఫెలిసిటా విప్పిన కట్టు

మా ఊళ్లో మనిషికి ఎముక విరిగితే, అతనితో పాటు ఒక కోడికీ కాలు విరగాలి. అది రివాజు. ఎముకలు కట్టే సోమ్‌దా ముందు మనిషికి జొన్నదంటు బద్దలు పెట్టి నారతో బిగిస్తాడు. ఆ తర్వాత ఒక పుంజు కాలు విరిచి దానికీ అలాగే కడతాడు. పుంజు లేచి నడిచిన రోజునే మనిషి కట్టు విప్పాలి. ముందే విప్పితే ఎముక పక్కదారి పడుతుందని అందరి నమ్మకం. సోమ్‌దా చేతి కింద కోలుకున్న కోళ్లు మా జిల్లా జనాభా కన్నా ఎక్కువ. వాటిలో ఒకటి కుంటుకుంటూ పక్క దేశం బుర్కినా సరిహద్దు దాటి అక్కడే కాపురం పెట్టిందంటే నా మనవలు నమ్మరు. నమ్మకపోతే మానిరి.

అలాంటి ఊళ్లో సోమ్‌దా కట్టు మీద కత్తెర పెట్టిన మనిషి ఒక్కతే. ఆమె ఫెలిసిటా జియెమ్.

కన్యాస్త్రీల బడిలో ఆమె, నేను ఒకే బెంచీ. మోకాళ్ల మీద నిలబడమంటే నేను వెంటనే నిలబడేవాణ్ణి. అసలు నేను పొడుగు పెరిగింది మోకాళ్ల మీదే. ఫెలిసిటా మాత్రం, "తప్పేమిటో చెప్పండి, అప్పుడు వంగుతాను" అనేది. చెప్పేలోగా గంట కొట్టేవారు.

ఫెలిసిటా వా అనే పట్నంలో నర్సు చదువు ముగించి, మాకు ఏడు మైళ్ల దూరంలో ఉన్న మిషన్ ఆసుపత్రిలో ఎముకల వార్డులో చేరింది. మొదటి ఏడాదే ఒక దెబ్బ తగిలింది. చేతికి కొత్తగా పిండికట్టు వేసిన ఒక పాప, నొప్పి మందు ఇచ్చినా ఏడుపు ఆపలేదు. పిల్లలు ఏడుస్తూనే ఉంటారు అనుకుని ఫెలిసిటా చార్టులో సంతకం పెట్టి వెళ్లిపోయింది. కట్టు లోపల వాపు పెరిగి, కండలకు రక్తం అందకుండా పోయింది. డాక్టరు కట్టు కోసి చూసేసరికి చెయ్యి దక్కే స్థితిలో లేదు. ఆ తర్వాత ఫెలిసిటా ఎవరి నొప్పినీ అనుమానించలేదు.

ఇక తెంగన్ సంగతి. తెంగన్ జీల్ వాయించేవాడు. జీల్ అంటే సొరబుర్రల మీద వరసగా కూర్చిన చెక్కపలకలు. రెండు కర్రలతో కొడతారు. చావింట అది మోగకపోతే మావాళ్లలో చనిపోయినవాడు కూడా తాను చనిపోయానని ఒప్పుకోడు. వానాకాలం మొదట్లో తెంగన్ గింజల నుంచి వెన్న తీసే షియా చెట్టు మీంచి పడ్డాడు. కుడి ముంజేతిలో రెండు ఎముకలూ విరిగాయి. ఆసుపత్రికి వెళ్తే చెయ్యి నరికేస్తారని భయపడి సోమ్‌దాని పిలిపించుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే నేను జొన్న బీరు కుండ పట్టుకుని పరామర్శకు వెళ్లాను. తెంగన్ తాగనన్నాడు. బీరు వద్దన్న తెంగన్‌ని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"విరిగిన చోట కాదన్నా నొప్పి," అన్నాడు. "చెయ్యంతా పగిలిపోతోంది. వేళ్లేమో నావి కానట్టున్నాయి."

నేను సైకిలెక్కి ఫెలిసిటా దగ్గరికి పరుగెత్తాను. ఆమెకు చెబుతుంటే నర్సుల మీద పెద్ద, మేట్రన్ వింది.

"బయటివాళ్ల కట్ల జోలికి నా నర్సులు పోరు," అంది మేట్రన్. "రోగినే రమ్మను."

"అతను రాడు మేట్రన్. వచ్చేదాకా ఆ చెయ్యీ ఆగదు."

"గేటు దాటితే నీ మీద పై వాళ్లకు రాస్తాను."

"నా పేరులో ఎఫ్ ఒక్కటే, సరిగ్గా రాయండి," అని ఫెలిసిటా కత్తెర జేబులో వేసుకుని నా సైకిలు వెనక కూర్చుంది. ఆ రోజు మేము గాలి కన్నా ముందు ఊరు చేరాం. గాలి కాసేపాగి వచ్చింది.

తెంగన్ వేళ్లు ఉబ్బి చల్లగా ఉన్నాయి. ఫెలిసిటా ఒక గోరు నొక్కి వదిలింది. తెల్లబడిన గోరుకు రంగు తిరిగి రాలేదు. వేలు కొంచెం చాపబోతే తెంగన్ కేక పెట్టాడు. ఆ కేకకు సోమ్‌దా కర్ర పోటేసుకుంటూ వచ్చాడు.

"ఏమే జియెమ్ కూతురా, నా కట్టుతో నీకేం పని?"

"నాకు పని వేళ్లతో తాతా. ఒకసారి పట్టుకుని చూడు."

"పుంజు నడిచాక చూద్దాం."

"అప్పటికి చూడ్డానికి చెయ్యుండదు."

"మీ ఆసుపత్రిలో పోయిన చేతుల సంగతి నాకు తెలీదనుకోకు."

ఫెలిసిటా తల దించలేదు. "వాటిలో ఒకటి నేనే పోగొట్టాను. నీ కట్టు కన్నా తెల్లటి కట్టు. లోపల జరిగింది మాత్రం ఇదే. ఆ పాప ఏడిస్తే నేను వినలేదు. ఈయన అరుస్తుంటే వింటున్నా."

తెంగన్ భార్య ఆయువొ మధ్యలోకి వచ్చింది. "విప్పితే ఎముక వంకర పోతుందేమో సిస్టరమ్మా. వంకర చేత్తో ఈయన జీల్ ఎలా కొడతాడు?"

"ఎముక కదిలితే మళ్లీ సరిచేస్తారు వదినా. కండ చచ్చిందంటే ఎవరి వల్లా కాదు."

సోమ్‌దా తన కర్రను మంచానికి అడ్డం పెట్టాడు. "ఆ కట్టు ముట్టుకుంటే ఈ ఇంటి గడప నేను మళ్లీ తొక్కను. రేపు మీ పిల్లలకి విరిగినా సరే."

ఆయువొ వెనక్కి తగ్గింది. మొగుడి చెయ్యా, రేపటి పిల్లల కాళ్లా? ఏదీ తేల్చుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

ఫెలిసిటా సోమ్‌దా వైపు తిరిగి, "నిన్న పుంజుకీ ఈ నారే కట్టావా?" అని అడిగింది.

"అదే నార. అదే పూట. అదే చెయ్యి."

"పుంజు ఎలా ఉంటే మనిషి అలా. నీ మాటేగా?"

"మా తాత మాట."

"అయితే పుంజునే అడుగుదాం. నా మాట వద్దు, డాక్టరు మాట వద్దు."

బుట్ట కింద నుంచి పుంజును నేనే తెచ్చి పట్టుకున్నాను. కట్టు కింద దాని గోళ్ల దగ్గర నల్లబడింది. ఫెలిసిటా ఆ కాలి వేలు గిల్లింది. పుంజు పట్టించుకోలేదు. రెండో కాలు గిల్లింది. పుంజు నా బొటనవేలు పొడిచింది. గిల్లింది ఆమె, పొడిపించుకున్నది నేను.

"ఇటివ్వు," అన్నాడు సోమ్‌దా. తనే గిల్లాడు, ఒకసారి కాదు, నాలుగుసార్లు. తర్వాత నార మీద వేలు పెట్టి రుద్దాడు. ముఖం మాడిపోయింది.

"కొత్త నార. నానబెట్టి మెత్తగా ఉండగానే చుట్టేశా," అన్నాడు మెల్లగా. "ఆరేకొద్దీ బిగుసుకుపోయింది."

మంచానికి అడ్డం పెట్టిన కర్ర తీసేశాడు. "కొయ్యి. ఎముక కదలకుండా నేను పట్టుకుంటా."

ఫెలిసిటా పొడుగునా కత్తిరించింది. లోపల ముంజెయ్యి రాయిలా ఉంది. కట్టు విప్పితే చాలదు, డాక్టరు ఆ చేతి చర్మాన్నీ లోపలి పొరనూ చీల్చి ఒత్తిడి వదిలించాలని చెప్పింది. తెంగన్ ఏడ్చాడు. సోమ్‌దా అతని చెయ్యి బద్దల మీద ఆన్చి పట్టుకుని, అతని కన్నా ముందు తనే అటు పోతున్న వేరుశనగ లారీ ఎక్కాడు. ఆసుపత్రి గుమ్మంలో నిలబడి డాక్టరుతో, "నరికారంటే మీ కాళ్లూ విరుస్తా, కోడితో పని లేకుండా" అన్నాడట. డాక్టరు నరకలేదు. చీల్చి, కొన్నాళ్లు తెరిచే ఉంచి, వాపు దిగాక మూశాడు. అయినా ఆలస్యం కొంత తినేసింది. చిటికెన వేలు, దాని పక్క వేలు లోపలికి ముడుచుకుని అలాగే ఉండిపోయాయి.

మేట్రన్ మాట తప్పలేదు. ఫెలిసిటాను ఆరు నెలలు బట్టలుతికే గదికి పంపించారు. క్షమాపణ రాస్తే ముందే వార్డులోకి తిరిగి తీసుకుంటామన్నారు. ఆమె రాయకుండా దుప్పట్లు పిండుతూ కూర్చుంది. నర్సు చదువుకునే అమ్మాయిలు సందు దొరికితే అక్కడికే పోయేవారు.

"మందుకు లొంగని నొప్పి, వేలు చాపితే కేక, తిమ్మిరి. ఇవి చాలు," అని చెప్పేది సబ్బు నురగ విదిలిస్తూ. "వేళ్లు చల్లబడే దాకా ఆగారా, మీరు నాలాంటి వాళ్లే. కట్టు వదులు చేయించండి, డాక్టర్ని పిలవండి. తిడతారు. తిట్టనివ్వండి."

కోతలయ్యాక మా ఊళ్లో ఒక పెద్దాయన పోయాడు. జీల్ ముందు తెంగన్ కూర్చునేసరికి పక్క ఊరి వాయిద్యగాళ్లు గుసగుసలాడారు. రెండు వేళ్లు లేనట్టే కదా, ఈ శవం పై లోకానికి సగం దారిలోనే ఆగిపోతుందని ఒకడు నవ్వాడు. తెంగన్ విన్నాడు. కర్రను చూపుడు వేలికీ నడిమి వేలికీ మధ్య ఇరికించుకున్నాడు. మావాళ్లు ఎప్పుడూ పట్టేదీ అలాగే. ముడుచుకున్న వేళ్లు దాచుకోలేదు, అందరికీ కనపడేలా ఎత్తాడు.

"వంకరగా వినిపిస్తే లేచి పొండి," అన్నాడు. "పోయేవాళ్లు ఇప్పుడే పొండి. మొదలెట్టాక నేను ఆపను."

ఎవరూ లేవలేదు. అతను మొదలుపెట్టాడు.