వానకీ బావికీ ఒకే పుస్తకం

డెబ్భైల్లో తిరువూరులో నా ఉద్యోగం బావుల్లో నీటి మట్టం కొలవడం. ప్రతి నెలా పన్నెండు బావులు. స్టీలు టేపు చివర సుద్ద రాసి, గట్టు మీది ఎర్ర రంగు గుర్తు దగ్గర్నుంచి లోపలికి దించేవాణ్ణి. సుద్ద ఎక్కడి దాకా తడిసిందో చూసి పుస్తకంలో రాసుకునేవాణ్ణి. చెప్పడానికి ఇంతే. చేయడానికి మాత్రం ఊరూరా తిట్లు తినాలి.

అందరికంటే ఎక్కువ తిట్టింది వినగడప అనే ఊళ్ళో ఒక రైతు.

"నా బావి లోతు నీకెందుకయ్యా? పన్ను వెయ్యడానికా, కొత్త మోటారు ఇవ్వకుండా ఆపడానికా?" అని, నేను టేపు దించినంత సేపూ వెనకే నిలబడి అరిచేవాడు.

"పన్నుతో నాకు సంబంధం లేదండీ. నీళ్ళు ఎంతున్నాయో తెలిస్తే మీకే మంచిది."

"నా మంచి నువ్వు చూడక్కర్లేదు. కొలిచావుగా, ఇక నడువు."

నాకూ ఒళ్ళు మండేది. గబగబా రాసుకుని, అతని మొహం చూడకుండా సైకిలెక్కేవాణ్ణి.

ఒక ఏడు శ్రావణంలో వానలు బాగా పడ్డాయి. అయినా ఆ నెల నా పుస్తకంలో వినగడప బావి నీళ్ళు ఒక అడుగు కిందికి పోయినట్టు ఉంది. మా ఆఫీసరు పుస్తకం బల్ల మీద విసిరేశాడు.

"ఇంట్లో కూర్చుని రాశావా? ఆ వైపు వాన ఎంత పడిందో కనుక్కుని రా."

వాన లెక్క మా దగ్గర ఉండదు. అది రెండు వీధుల అవతల ఇంకో ఆఫీసులో ఉండేది. దాన్ని రాసేది ఒక సాయిబు గారు. రోజూ పొద్దున్నే ఆవరణలోని రెయిన్ గేజి దగ్గరకెళ్ళి నీళ్ళు కొలవడమూ, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన లెక్కలు ఎక్కించడమూ ఆయన పని. నేను వెళ్ళి అడిగితే తలెత్తకుండానే పుస్తకం మూసేశారు.

"మా పుస్తకం మాది, మీ బావులు మీవి. ఇదివరకు మీ ఆఫీసాయన ఒకరు పట్టుకెళ్ళి, నెల తర్వాత పేజీ చింపి తెచ్చిచ్చాడు. ఇంకోసారి ఇవ్వను."

"అంటే మీ లెక్కలో తప్పులున్నాయన్నమాట. అందుకే దాస్తున్నారు."

ఆ మాట ఆయనకు తగలాలనే అన్నాను, తగిలింది. కుర్చీ లాగి నా ముందుకు తోశారు.

"కూర్చోండి. ఇక్కడే చూసుకోండి, గుమ్మం దాటనివ్వను. మీ పుస్తకం కూడా తీయండి. మీ తప్పులు నేనూ చూస్తాను."

ఆయన నా పేజీల మీద వేలు పెట్టి ఒక్కో బావీ చదువుకుంటూ పోయారు. వినగడప దగ్గర వేలు ఆగింది.

"పదకొండు బావులు పైకొచ్చాయి. ఇదొక్కటే కిందికి పోయింది. వాన తప్పు కాదు, బావి తప్పూ కాదు. మీరు ఎక్కణ్ణుంచి కొలిచారు?"

"గుర్తు దగ్గర్నుంచే."

"చూద్దాం పదండి."

మర్నాడు ఇద్దరం ఒకే బస్సులో, వేరు వేరు సీట్లలో కూర్చుని వెళ్ళాం. బావి దగ్గరికెళ్ళి చూశాం. గట్టు మీద కొత్త ఇటుకల వరసలు, పైన సున్నం. ఎర్ర గుర్తు ఆ కొత్త వరస మీద ఉంది.

"గేదె పడబోతే ఎత్తు చేయించాను. నువ్వొచ్చి గోల చేస్తావని నీ గుర్తు కూడా పైన వేయించాను. ఏం, అదీ తప్పేనా?" అన్నాడు రైతు.

"మాకు చెప్పాలి కదండీ!"

"నువ్వు అడిగావా? ఒక్కసారైనా నా మొహం చూసి మాట్లాడావా?"

సాయిబు గారు తన టేపుతో కొత్త ఇటుకలు కొలిచారు. అడుగు నాలుగంగుళాలు. అంటే నీళ్ళు దిగలేదు, నాలుగంగుళాలు పైకే వచ్చాయి. "ఇంత గట్టు కళ్ళకు ఆనలేదా?" అని రైతు ముందే నన్నడిగారు. ఆ రోజు నాకు రైతు మీద కంటే ఆయన మీదే ఎక్కువ కోపం వచ్చింది.

ఆ కోపంతోనే మర్నాడు ఒక కొత్త లావుపాటి నోటుబుక్కు పట్టుకెళ్ళి ఆయన బల్ల మీద పడేశాను. ఎడమ పేజీలో వాన, కుడి పేజీలో బావులు. గట్టు మారినా, గేజి కదిలినా కింద రాయాలి. ఒకరి పేజీ ఒకరు సరిచూసి సంతకం పెట్టాలి. ఆయన ఒప్పుకున్నారు, నా తప్పులు పట్టుకోవచ్చని. నేనూ అందుకే పెట్టాను. ఒకసారి ఆయన ఆదివారం వాన సోమవారం కింద రాశారని చూపిస్తే, నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. పుస్తకం మాత్రం ఏ నెలా ఆగలేదు. తర్వాత రెండు ఆఫీసుల వాళ్ళూ, ఒకరి మొహం ఒకరు చూసుకోని ఆఫీసర్లతో సహా, అందులోంచే లెక్కలు ఎత్తి రాసుకునేవాళ్ళు.

కొన్నేళ్ళకు ఆయనకు బదిలీ అయింది. వెళ్ళే రోజు పుస్తకం నా ముందు పెట్టారు.

"నా చోటికి వచ్చినాయన చాలా మంచివాడు. అదే నా భయం. మొదటి నెలే ఆయనతో గొడవ పెట్టుకోండి."

అంతే. చెయ్యి కలపలేదు, నేనూ అడగలేదు.

కొత్తాయన నాకు టీ తెప్పించారు. నవ్వుతూ పుస్తకం అందుకుని, నా పేజీ వైపు చూడకుండానే సంతకం పెట్టబోయారు. నేను పుస్తకం వెనక్కి లాక్కున్నాను.

"చదివి పెట్టండి," అన్నాను.

ఆయన మొహం మాడిపోయింది. చదవడం మొదలుపెట్టారు.