పొగ తగలని ఎలుకపిల్ల

కుప్పయ్య ఎలుకలు పట్టేవాడు. తిరుచానూరు అవతల వరిమళ్ల గట్ల మీద ముప్పై ఏళ్లు అదే పని. అడుగున చిల్లి ఉన్న కుండలో ఎండుగడ్డి కుక్కి నిప్పుపెట్టేవాడు. కుండ మూతిని బొరియకు ఆనించి చిల్లిలోంచి ఊదేవాడు. అతను అలసిపోతే భార్య సంతోషమ్మ ఊదేది. లోపల ఎలుకలు ఉక్కిరిబిక్కిరయ్యాక ఇద్దరూ తవ్వేవాళ్లు.

తొంభై ఎనిమిదిలో, వానలు మొదలయ్యాక, అలా తవ్విన ఒక బొరియలో పాము గుడ్ల పెంకులు కనిపించాయి. వాటి పక్కన చచ్చిన జెర్రిపోతు పిల్లలు. ఒకటి మాత్రం కదులుతోంది. విషం లేని జాతి. సంతోషమ్మ దాన్ని కొంగులో వేసుకుంది.

"మన పొగకే పోయినాయి తక్కినవి. దీన్ని సాకుదాం. నాలుగుమార్లు తిన్నాక చేన్లో వదిలేద్దాం."

వాళ్లకు పిల్లలు లేరు. కుప్పయ్య కాదనలేదు.

పామును గుడ్డ కట్టిన కుండలో ఉంచారు. కళ్లు తెరవని ఎలుకపిల్లలను కుప్పయ్య రోజూ తెచ్చి ముందర పెట్టేవాడు. అది నాలుక ఆడించి తల తిప్పుకునేది.

సంతోషమ్మ తమ్ముడు మునిచంద్ర నవ్వాడు. "పాలు పొయ్యి బావా. నాగులచవితికి ఊరంతా పోస్తారు గదా."

"పోస్తారు. తాగతా ఉంటే యాడన్నా సూసినావా?"

"నేను యాడ సూసేది! పోసేసి పరిగెత్తేవాణ్ణే గదా."

సంతోషమ్మ కూడా నవ్వబోయింది. దగ్గు వచ్చింది. కొన్నేళ్లుగా ఉన్న దగ్గే. ఊపిరితిత్తులు చెడిపోయాయని ఆసుపత్రిలో చెప్పారు. పొద్దెక్కేలోపే పని ముగించుకొచ్చి కుప్పయ్యే వండేవాడు, కలిపి నోట్లో పెట్టేవాడు. ఆమె అతని చెయ్యి తోసేసేది.

"కూడు పొగ వాసనొస్తాంది."

గిన్నెలు చింతపండుతో తోమాడు. కట్టెలు మార్చాడు. ఒకరోజు హోటల్ నుంచి ఇడ్లీ తెచ్చి తినిపించబోయాడు. అదీ పొగ వాసనే అంది.

పామూ తినలేదు. ఐదో వారానికి దాని వెన్ను గీతలా తేలింది.

చివరి రోజు సంతోషమ్మ కుండ వైపు చూసింది. "అది తినిందా?"

"తినింది," అన్నాడు కుప్పయ్య.

ఆమె కళ్లు మూసుకుంది.

ఆమె పోయింది. కర్మ చేసే పెద్దదినం అయ్యేదాకా చావు జరిగిన ఇంట్లో పొగకుండ ముట్టరు. ఆ రోజులన్నీ కుప్పయ్య పామునే చూస్తూ కూర్చున్నాడు. తినిందని చెప్పాడు. అది చచ్చిపోతే ఆ మాట అబద్ధంగానే ఉండిపోతుంది.

పెద్దదినాన తలస్నానం చేయించి మునిచంద్ర కొత్త పంచె, చొక్కా పెట్టాడు. అవే కట్టుకుని కుప్పయ్య పార తీసుకుని చేలోకి పోయాడు.

"ఏం బావా, కుండ లేకుండా పట్టేదెట్లా? ఎలకలు నీ కొత్త బట్టలు సూసి బయటికొస్తాయా?"

"తవ్వతాను."

మధ్యాహ్నందాకా ఒకే బొరియ తవ్వాడు. ఎర్రటి ఎలుకపిల్ల ఒకటి దొరికింది. ఇంటికొచ్చి దాన్ని కుండలో పెట్టాడు.

పాము నాలుక ఆడించింది. తల తిప్పుకోలేదు. ఆ పిల్లను పట్టుకుని నెమ్మదిగా మింగింది.

కుప్పయ్య కుండకు మళ్లీ గుడ్డ కట్టాడు. ఇన్నాళ్లూ తెచ్చిన పిల్లలన్నీ పొగబెట్టి పట్టినవే. లేచి దండెం మీది పాత చొక్కా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ల పొగ. అరచేతులు వాసన చూసుకున్నాడు. తలస్నానంతో అవి ఇప్పుడు శుభ్రంగా ఉన్నాయి. ఆమెకు ముద్దలు పెట్టినప్పుడు అలా లేవు. గిన్నెలు తోమాడు, కట్టెలు మార్చాడు. చేతుల సంగతే తట్టలేదు.

"తినింది," అన్నాడు, ఆమె పడుకునే చాప వైపు తిరిగి.

నాలుగోసారి తిన్నాక పామును గట్టు మీద వదిలాడు. ఆ తర్వాత కుప్పయ్యను పనికి పిలిచిన రైతులు ఒక్కో బొరియకు పూటంతా కాచుకోవలసి వచ్చేది. అతను పార ఒక్కటే తెచ్చేవాడు.