పప్పు ఉడకని నీళ్లు

"ఏం గాదులే" అనే మాట వింటే నాకు ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. నేను రెండు సీట్ల చిన్న విమానం నడుపుతాను. దాని ఇంజను బాగోగులు చూసే పని కూడా నాదే. అల్లూరు దాటి సముద్రం వైపు వెళితే రొయ్యల గుంటల మధ్య ఒక మట్టి రన్‌వే ఉంది. గుంటలు, రన్‌వే, విమానం అన్నీ ఒక్క ఆసామివే. మనిషి చెడ్డవాడు కాడు. కానీ ఆయిల్ మార్చాలంటే "ఏం గాదులే మేడమ్". రబ్బరు గొట్టం పగిలిందని చూపిస్తే "ఏం గాదులే మేడమ్". ట్రాక్టరు ఆగితే దిగి గట్టు మీద కూర్చోవచ్చు, గాల్లో ఆగితే ఎక్కడ కూర్చుంటారండీ అని అడిగితే నవ్వేస్తాడు. ఆ నవ్వు చూస్తే ఇంకా మండుతుంది.

అక్కడ గాలికే ఉప్పు. దిగిన ప్రతిసారీ ఇంజనును మెత్తటి గుడ్డతో తుడిచి మూత వేసి ఇంటికి వెళ్తాను. నీళ్లు మాత్రం తగలనివ్వను. ఆ మాట షెడ్డులో అందరికీ చెప్పాను. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టిందే తప్ప ఒక్కరికీ ఎక్కలేదని మొన్న దసరాకు తెలిసింది.

ఆసామి తల్లికి సముద్రాన్ని పైనుంచి చూడాలని కోరిక. పుట్టింది, పెరిగింది, కాపురం చేసింది అంతా ఆ ఒడ్డునే. "ఆ పక్షులు చూసేది నేను చూడకుండా పోతానా?" అని ఒకసారి నన్ను అడిగింది. "నువ్వు తోలితే నాకు భయం లేదమ్మా" అని కూడా అంది. ఆ మాట నా గుండెలో పడిపోయింది. పండగ రోజు ఆయుధ పూజ కాగానే ఆమెను తిప్పాలని అనుకున్నాం.

తెల్లారి షెడ్డుకు వెళ్లి చూస్తే విమానం పెళ్లికూతురిలా ఉంది. ప్రొపెల్లర్‌కు బంతిపూల దండ, చక్రాల ముందు నిమ్మకాయలు, ఇంజను సందుల్లో పసుపు ముద్దలు. అది కూడా ఓర్చుకునేదాన్ని, తుడిస్తే పోతుంది. కానీ ఇంజను తళతళా మెరుస్తోంది. కింద నేల తడిగా ఉంది.

"ఏం చేశారు?" అన్నాను.

గుంటల సూపర్‌వైజరు ముఖం వెలిగిపోయింది. "కడిగినాం మేడమ్. ట్రాక్టర్లు కడిగే ప్రెషర్ పంపుతోనే కొట్టినాం. మూత తీసి, సందు సందూ కొట్టినాం. పండగ గదా."

పండగట. మన దగ్గర పండగంటే కడగడమే. గడప కడుగుతాం, బండి కడుగుతాం, కడగకుండా బొట్టు పెడితే తప్పు. ఆ కడుగుడుకు గడప, కార్బొరేటరు అనే తేడా ఏమీ లేదు. వాళ్లు భక్తిగా కొట్టిన నీళ్లు ఎయిర్ ఫిల్టర్ల గుండా ఎక్కడిదాకా పోయాయో విప్పితే గానీ తెలియదు. అదీ బోరు నీళ్లు. గుంటల మధ్య బోరు నీళ్లు ఎలా ఉంటాయో నోట్లో పోసుకున్న ఎవరికైనా తెలుసు.

ఈలోపు ఆసామి వచ్చాడు. వెనకాల కొత్త చీర కట్టుకుని తల్లి. చుట్టాలంతా ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. పూజారి వెలిగించిన కర్పూరం పళ్లెం పట్టుకుని పెట్రోలు ట్యాంకు వైపు నడుస్తుంటే నేనే అడ్డం వెళ్లి, హారతి దూరం నుంచే ఇవ్వండి స్వామీ అన్నాను.

"ఈరోజు ఎగరదు" అని ఆసామికి చెప్పాను. "ఫిల్టర్లు తీయాలి, కార్బొరేటర్లు విప్పాలి, ప్లగ్గులు ఆరబెట్టాలి."

"ముహూర్తం పెట్టినాం మేడమ్. పూజ చేసిన బండిని కదిలించకుండా పెడతారా ఎవరైనా? ఏం గాదులే."

"అమ్మను ఎక్కించేది మీరా, నేనా?"

"మీరే. అందుకే చెప్తున్నా, ఏం గాదు."

నాకు ఒళ్లంతా కారం రాసినట్టయింది. సరే, కదలాలంతే కదా అన్నాను. నలుగురి చేత తోయించి నిమ్మకాయలు తొక్కించాను. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత విమానం తోకను తాడుతో ట్రాక్టరుకు కట్టించాను, చక్రాలకు దిమ్మలు వేయించాను, దండ తీసేశాను, జనాన్ని వెనక్కి పంపాను. ఎగిరేది లేదు, మీ కళ్లకు చూపించడానికే అని చెప్పి ఒక్కదాన్నే ఎక్కి స్టార్ట్ చేశాను.

ఇంజను అందుకుంది. మెల్లగా తిరుగుతున్నంతసేపు ఏ తేడా లేదు. ఆసామి నా వైపు చూసి బొటనవేలు ఎత్తాడు. ఈ ఇంజనుకు నిప్పు అందించే ఏర్పాట్లు రెండు ఉంటాయి. ఒకటి పోయినా ఇంకొకటి దింపుతుందని. ఒకటి ఆపి చూశాను, వేగం కొంచెం తగ్గి నిలబడింది. రెండోది ఆపితే విమానం మొత్తం గజగజా వణికింది. మళ్లీ వేసి, పైకి లేచేటప్పుడు ఇచ్చినట్టే థ్రాటిల్ పూర్తిగా తోశాను. తాడు బిగుసుకుంది. కాసేపు గర్జించి, రెండుసార్లు దగ్గి, చచ్చిపోయింది.

రన్‌వే మీదైతే ఆ కాసేపటికి నేల వదిలేసేవాళ్లం. ముందు గుంటల గట్టు, గట్టు అవతల నీళ్లను చిలుకుతూ తిరిగే ఏరేటర్లు, వాటి అవతల సముద్రం. పక్క సీట్లో ఆమె. నేను దిగి ఇంజనుకు చేయి ఆనించి నిలబడ్డాను. కోపమో భయమో, కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆసామి ఏమన్నాడో తెలుసా? చుట్టాల వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "చూసినారా? పూజ చేసినాం గాబట్టి అమ్మవారు నేల మీదే ఆపింది."

నేను ఆపాను. తాడు కట్టించింది నేను. నోటిదాకా వచ్చిన మాటను పళ్ల మధ్య నొక్కిపెట్టి, రెంచీ తీసుకుని పెట్రోలు నిలిచే కార్బొరేటరు అడుగు గిన్నె విప్పి, అందులో ఉన్నది గాజు గ్లాసులో పోశాను. పైన పెట్రోలు, అడుగున నీళ్లు, విడివిడిగా కనబడుతున్నాయి. మెల్లగా తిరిగినప్పుడు సర్దుకున్న ఇంజను, పూర్తిగా తోయగానే ఆ నీళ్లు మింగింది.

"మంచు పడి ఉంటాదిలే" అన్నాడు ఆసామి.

తల్లి ముందుకొచ్చి గ్లాసు లోపలికి చూసింది. "ఏ నీళ్లతో కడిగించినావురా?"

"బోరు నీళ్లేమ్మా."

"ఆ నీళ్లలో పప్పు ఉడకదని టౌను నుంచి క్యాన్లు తెప్పిస్తా ఉండావే. పప్పుకు పనికిరాని నీళ్లు నన్ను పైకి పంపేదానికి పనికొచ్చినాయా?"

ఆయన తల దించుకున్నాడు. ఇంజను కళ్ల ముందు చచ్చినా వంగని తల, పప్పు దగ్గర వంగింది. ఆమె నా భుజం తట్టి, "నువ్వు సరేనన్నప్పుడే ఎక్కుతాలేమ్మా" అని కొత్త చీరతోనే ఇంటికి నడిచింది. అన్నీ విప్పి, ఆరబెట్టి, ప్లగ్గులు మార్చి, మళ్లీ కట్టేసి పరీక్షించి, ఒక్కదాన్నే ఎగిరి చూసుకున్నాక గానీ ఆమెను ఎక్కించలేదు. పైనుంచి గుంటలు అద్దం ముక్కల్లా ఉన్నాయంది. సముద్రం గురించి ఏమీ అనలేదు, చూస్తూ ఉండిపోయింది.

ఇదంతా సర్దుకుందనుకున్నాను. ఉగాదికి ముందు రోజు ఆసామి ఫోన్ చేశాడు. గొంతులో ఎంత సంతోషమో.

"మేడమ్, మీరు రానక్కర్లేదు. విమానం మావాళ్లే కడుగుతా ఉండారు. ఏం గాదులే, ఈసారి క్యాను నీళ్లే తెప్పించినా."

నేను ఫోన్ పెట్టేసి స్కూటర్ తాళం వెతుక్కున్నాను.