కాకి కోసం పెట్టిన ఆకు

కిందటేడు కంచరపాలెంలో మా మావగారి సంవత్సరీకం. మేడ మీద ఆకులో అన్నం పెట్టి కాకి కోసం ఎదురు చూస్తున్నాం. కాకి ముట్టందే ఎవరూ భోంచేయకూడదు. మధ్యాహ్నం రెండు దాటినా ఒక్క కాకీ రాలేదు. చుట్టాలంతా ఆకలితో నకనకలాడుతున్నారు. ఆయనకి ఇష్టమైందేదో నేను వండటం మరిచిపోయుంటానని ఒకావిడ గొణిగింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంతలో అరచెయ్యంత పురుగొకటి, రెక్కల మీద కళ్లలాంటి మచ్చలతో, వచ్చి ఆ అన్నం మీద వాలింది. భయమేసి చీపురెత్తాను. మా అత్త నా చెయ్యి పట్టుకుంది.

"కొట్టకమ్మా. మీ మావే. అందరికీ వడ్డించీ."

జువాలజీ చదువుతున్న మా అమ్మాయి ఫోన్‌లో ఫొటోలు తీస్తూ, "మామ్మా, ఇది మాత్, సీతాకోకచిలుక లాంటిదే. చాలా అరుదుగా కనిపిస్తుంది. రెక్కలొచ్చాక దీనికి తినడానికి నోరే ఉండదు. ఆ అన్నం ముట్టదు" అంది.

అత్త దాని వైపే చూస్తూ, "మీ తాత ఏనాడు మనకన్నా ముందు తిన్నాడే? తిండానికి రాలేదు. మీరంతా తిన్నారో లేదో సూడ్డానికొచ్చినాడు" అంది.

ఆ పూట అందరం మేడ మీదే, దాని ఎదురుగా కూర్చుని తిన్నాం. చివరి విస్తరి ఎత్తేదాకా అది కదల్లేదు.

దాని పేరేదో అమ్మాయి చెప్పింది గానీ నాకు గుర్తులేదు. మా ఇంట్లో దాన్ని మావగారనే అంటాం.