ఆమె ఎవరి అమ్మ?

నా చిన్నప్పుడు, ఎక్కడ పుట్టావని ఎవరైనా అడిగితే నేను మాట మార్చేదాన్ని. జాంబియా అంటే అదెక్కడుంది అనేవారు. ఆఫ్రికాలో అంటే, సింహాలు మీ పెరట్లోకి వచ్చేవా, గుడిసెలో ఉండేవాళ్ళా అని మొదలుపెట్టేవారు. మా నాన్న అక్కడ రాగి గనులున్న ఒక ఊళ్ళో హైస్కూల్ పిల్లలకు లెక్కలు చెప్పేవారు. మాది వరండా ఉన్న ఇల్లు, ఎర్రమట్టి పెరడు. వానలకు ముందు వీధంతా ఊదారంగు పూలతో నిండిపోయేది. నాకు ఎనిమిదేళ్ళు వచ్చాక అమెరికా వచ్చి చికాగో దగ్గర అరోరాలో ఉండిపోయాం. నన్ను చూసి అందరూ ఇండియన్ అనుకునేవారు. నేనూ అవునని ఊరుకునేదాన్ని.

నాలుగో తరగతిలో ఆఫ్రికా పాఠం వచ్చింది. పేరెంట్స్ మీటింగ్‌లో మా టీచర్ ఆ మాట అనగానే మా అమ్మ ముఖం వెలిగిపోయింది. తాము అక్కడ ఉండి వచ్చామనీ, కావాలంటే తనే వచ్చి పిల్లలకు చెబుతాననీ అంది. టీచర్ తప్పకుండా వచ్చి చెప్పమంది. ఆ రోజు ఇంటికొచ్చి ఎంత ఏడ్చినా అమ్మ వినలేదు. అరోరాకి వచ్చాక అమ్మను ఏదైనా చెప్పమని అడిగిన మొదటి మనిషి మా టీచరే. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత తట్టింది. అప్పుడు మాత్రం అమ్మ యాస విని క్లాసంతా నవ్వుతుందేమోనన్న భయం తప్ప నాకింకేమీ లేదు.

బయట మంచు కురుస్తున్న రోజున అమ్మ చీర మీద కోటు వేసుకుని, రెండు సంచులతో, స్టీలు క్యారియర్‌తో క్లాసులోకి వచ్చింది. నేను బల్ల మీద తల వాల్చుకున్నాను. గోడ మీద టీచర్ అంటించిన బొమ్మలో ఒక సింహం, ఒక జిరాఫీ, ఒక గుడిసె ఉన్నాయి. అమ్మ వాటి జోలికి పోలేదు. నల్ల అట్ట మీద పెద్దగా గీసిన ఆఫ్రికాను బోర్డుకు తగిలించి, సంచిలోంచి రంగు కాగితాలు తీసింది. అన్నీ అదే కొలతలో కత్తిరించిన దేశాలు. ఒక్కో పిల్లవాణ్ణి పిలిచి ఆఫ్రికా మీద ఎక్కడ పడితే అక్కడ అంటించమంది. అమెరికా పట్టింది. చైనా పట్టింది. ఇండియా పట్టింది. ఇంకా చోటు మిగిలింది. యూరప్ దేశాలను ఒక్కొక్కటే తెచ్చి సందుల్లో ఇరికిస్తుంటే పిల్లలు బెంచీలు వదిలి బోర్డు చుట్టూ చేరారు. నేను మెల్లగా తల ఎత్తాను.

అమ్మ చెబుతూనే ఉంది. అది ఒక దేశం కాదు, ఎన్నో దేశాలు. అక్కడ ఎడారి ఉంది, మంచు కప్పిన కొండ ఉంది, ట్రాఫిక్ జామయ్యే పెద్ద పెద్ద ఊళ్ళున్నాయి. ఒక నది ఎంత ఎత్తు నుంచి దూకుతుందంటే అక్కడివాళ్ళు ఆ జలపాతాన్ని ఉరిమే పొగ అంటారు. తెల్లవాళ్ళు గనులు తవ్వడానికి వందల ఏళ్ళ ముందే అక్కడివాళ్ళు రాగి తీసి, కరిగించి, సముద్రం దాకా పంపి అమ్మారు. మా జిల్లాల్లో చేసుకునే సంగటి లాంటిదే అక్కడ తెల్ల మొక్కజొన్న పిండితో చేసి న్షీమా అంటారు. తొలకరికి పుట్టల్లోంచి లేచే ఉసిళ్ళను అక్కడా వేయించుకు తింటారు, రాయలసీమలో మా అమ్మమ్మ ఊళ్ళోనూ తింటారు. ఆ మాటకు పిల్లలంతా 'యక్' అని అరిచారు కానీ ఒక్కరూ కదల్లేదు. సింహాన్ని ఎప్పుడైనా చూశారా అని ఒకబ్బాయి అడిగితే, "ఒక్కసారి చూశాను. నిద్రపోతా ఉంది. మా ఆయనలాగే," అంది. టీచర్ కూడా నవ్వింది. ఆ నవ్వులో నాకు గర్వం కలిగింది. ఈమె మా అమ్మ అని పక్కపిల్లకు చెప్పాలనిపించింది.

తర్వాత అమ్మ సంచిలోంచి ఒక రంగురంగుల గుడ్డ తీసింది. ఆడవాళ్ళు నడుముకు చుట్టుకుంటారు, బరువులు మోసేటప్పుడు చుట్టగా చుట్టి తల మీద పెట్టుకుంటారు, బిడ్డను వీపుకు కట్టుకుంటారు అని చెప్పి, ఎలా కట్టుకుంటారో చూపించడానికి ఒక ఫొటో పైకెత్తింది. మా వరండాలో తీసిన ఫొటో అది. అందులో ఒకామె నన్ను వీపుకు కట్టుకుని నవ్వుతోంది. బియాట్రిస్. మా ఇంట్లో పనిచేసేది, నన్ను పెంచింది. పెరటి వెనక గదిలో ఉండేది.

అమ్మ ఉత్సాహంగా ఇంకో మాట చెప్పింది. "అక్కడ పిల్లలు పుట్టిన ఆడవాళ్ళను పేరు పెట్టి పిలవరు. అది మర్యాద కాదు. బిడ్డ పేరుకు ముందు 'బానా' చేర్చి పిలుస్తారు. బానా అంటే అమ్మ. నన్ను వీధిలో అందరూ మా పాప పేరుతోనే బానా అనేవాళ్ళు. ఈమె కూడా నన్ను అట్లే పిలిచేది." క్లాసంతా నా వైపు తిరిగి, నా పేరు ముందు బానా చేర్చి అనడం మొదలుపెట్టారు. నాకు సిగ్గూ సంతోషమూ కలిసి ముఖం వేడెక్కింది.

అప్పుడు నా వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి చెయ్యెత్తింది. మా క్లాసులో ఒక్కతే నల్లజాతి అమ్మాయి. ఎక్కువ మాట్లాడేది కాదు. ఫొటో వైపు వేలు చూపించి అడిగింది.

"మరి ఈమె బానా ఎవరు?"

అమ్మ ఫొటో వైపు చూసింది.

"ఆమెకు పిల్లలు లేరా?" అంది ఆ అమ్మాయి. కొంటెగా అడగలేదు. ఆ ఆట తనకు నచ్చింది, ఆ పేరు కూడా కావాలి, అంతే.

"ఉన్నారు," అంది అమ్మ. "ఊళ్ళో, వాళ్ళ అమ్మమ్మ దగ్గర పెరిగేవాళ్ళు. ఇద్దరు... ముగ్గురేమో."

టీచర్ చప్పున లేచి, "ఇక మనం టేస్ట్ చేద్దామా?" అంటూ క్యారియర్ వైపు చెయ్యి చాచింది. అమ్మ ఆమెను ఆపింది.

"ఒక్క నిమిషం. ఈ పాప మంచి ప్రశ్న అడిగింది. నాకు తెలియదు. ఆమె అన్నేళ్ళు మా ఇంట్లో ఉంది, నా బిడ్డను మోసింది. నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు మీ ముందు నిలబడి చెప్పాలంటే సిగ్గుగా ఉంది."

ఆ అమ్మాయి తల ఊపింది. "మా గ్రాండ్‌మా కూడా చికాగోలో వేరేవాళ్ళ పిల్లల్ని పెంచింది," అని కూర్చుంది.

పిల్లలు కాగితపు ప్లేట్లలో న్షీమా తిన్నారు. కొందరికి నచ్చింది కూడా. అమ్మ గుడ్డను మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టడం నాకు కనబడుతూనే ఉంది.

కార్‌లో కూర్చున్నాక అమ్మ తాళం తిప్పలేదు. అద్దం మీద మంచు పేరుకుంటోంది. నాకు ఏడుపూ కోపమూ ముంచుకొచ్చాయి.

"ఏదో ఒక నేమ్ చెప్పొచ్చుగా అమ్మా! ఎవరికి తెలుస్తుంది? అందరి ముందు 'నాకు తెలీదు' అని ఎందుకు చెప్పావ్?"

అమ్మ నన్ను తిట్టలేదు. "నీకేమన్నా తెలుసా పాపా? నీతో ఎప్పుడన్నా చెప్పిందా?" అని అడిగింది. అమ్మ నన్ను అలా, పెద్దవాళ్ళను అడిగినట్టు అడగడం అదే మొదటిసారి. నేను ఎంతో ప్రయత్నించాను. ఆ వీపు వెచ్చదనం గుర్తుంది. బట్టల సబ్బు వాసన గుర్తుంది. నన్ను నిద్రపుచ్చుతూ తీసిన రాగం గుర్తుంది. ఆ రాగం ఎవరికోసం నేర్చుకుందో నాకూ తెలియదు. తెలియదని చెబుతుంటే నా కోపం ఎటు పోయిందో పోయింది.

ఆ ఆదివారం అమ్మ జాంబియాకి ఫోన్ చేసింది. మా పాత పక్కింటి తెలుగావిడ ఇంకా అక్కడే ఉండేది. నేను పక్కనే ఉన్నాను. ఆవిడ గొంతు బయటికి వినిపిస్తోంది. "అయ్యో వదినా, పనిమనుషుల పిల్లల పేర్లు ఎవరికి గుర్తుంటాయి! మీరు వెళ్ళాక తనూ ఊరికి వెళ్ళిపోయింది. ఏ ఊరో ఏమో," అని పకపకా నవ్వింది. అమ్మ కూడా అలవాటుగా నవ్వబోయి మధ్యలో ఆగిపోయింది. ఫోన్ పెట్టేసింది. "ఆ నవ్వు నాది," అంది నాన్నతో. "పోయినేడు నన్నెవరన్నా అడిగుంటే నేనూ అట్లే నవ్వేదాన్ని."

నాన్న ఓదార్చబోయారు. పిల్లలు ఈపాటికి మర్చిపోయి ఉంటారు, నువ్వూ వదిలేయ్ అన్నారు. అమ్మ వదల్లేదు. మళ్ళీ క్లాసుకి వెళ్తానంది. ఒకసారి పరువు పోయింది చాలదా అని అరిచాను. అమ్మ కూర తరుగుతూ, తల ఎత్తకుండా అంది. "వాళ్ళు మర్చిపోతే పోనీలే. నేను మర్చిపోకూడదు కదా."

తర్వాతి వారం అమ్మ ఈసారి సంచులు లేకుండా వచ్చింది. బోర్డు ముందు నిలబడి, కనుక్కోవడానికి ప్రయత్నించాననీ, దొరకలేదనీ చెప్పింది. పోయినసారి తాను చెప్పినవన్నీ నిజమేననీ, కానీ తమ ఇంట్లోనే ఉన్న మనిషిని తాను చూసీ చూడనట్టు బతికాననీ, తన మాటలతో పాటు ఇది కూడా గుర్తుపెట్టుకోమనీ అంది. పిల్లలకు ఏమర్థమైందో తెలియదు. ఒకబ్బాయి పెన్సిల్ చెక్కుకుంటూనే ఉన్నాడు. వెనక బెంచీ అమ్మాయి మాత్రం "ఓకే" అంది.

బడి వదిలాక గేటు దగ్గర ఆ అమ్మాయి కోసం వాళ్ళ గ్రాండ్‌మా వచ్చి ఉంది. పొడుగాటి మనిషి, నల్ల ఉన్ని కోటు, తలకు స్కార్ఫ్. అమ్మ తిన్నగా ఆవిడ దగ్గరకు నడిచింది. వెళ్ళొద్దని నేను చెయ్యి పట్టి లాగాను కానీ ఆగలేదు. తన పేరు చెప్పుకుని, జరిగినదంతా చెప్పింది. ఆవిడ విని ముందు మనవరాలి వైపు కోపంగా చూసింది.

"అందరి ముందు అలా అడిగిందా? క్షమించండి. ఇంటికెళ్ళాక దానికి నేను చెబుతాను."

"వద్దు, ప్లీజ్," అంది అమ్మ. గాభరాపడుతూ ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. "ఆ పాపను ఏమీ అనకండి. అడగాల్సిందే అడిగింది."

ఆవిడ కోటు కాలర్ పైకి లాగుకుంది. మంచులో మాట ఆవిరై కనిపించేంత చలి.

"ఆమె మిమ్మల్ని ఏమని పిలిచేది?" అని అడిగింది.

అమ్మ నా పేరు చేర్చి చెప్పింది.

ఆవిడ మనవరాలి చెయ్యి అందుకుంది. "నేను పని మానేసి వచ్చేరోజు ఆ ఇంటివాళ్ళు నన్ను పట్టుకుని ఏడ్చారు," అంది. "నిజంగానే ఏడ్చారు. నేను ఎవరి దగ్గరికి వెళ్తున్నానో మాత్రం అడగలేదు." ఆ తర్వాత మనవరాలి టోపీ చెవుల మీదికి లాగి, అమ్మకు తల వంచి నమస్కారంలా ఏదో చేసి వెళ్ళిపోయింది. అమ్మ వాళ్ళు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది. నేను ఆమె చెయ్యి పట్టుకునే ఉన్నాను. ఈసారి లాగడానికి కాదు.

అమ్మకు ఆ పేరు ఎప్పటికీ దొరకలేదు. తెలిసినవాళ్ళు ఎవరైనా అటు వెళ్తున్నారంటే చాలు, అడిగి చూడమని చెప్పేది. వాళ్ళు సరేననేవారు. ఎవరూ ఏ కబురూ తేలేదు. ఆ ఫొటోను అమ్మ మా ముందుగదిలో పెళ్ళిఫొటో పక్కన పెట్టింది. ఇంటికొచ్చినవాళ్ళు ఈమె ఎవరని అడిగితే, "నా బిడ్డను పెంచినామె. ఆమె బిడ్డల పేర్లు నాకు తెలియవు," అని చెప్పేది. విన్నవాళ్ళు ఇబ్బందిపడేవారు. పెళ్ళయ్యేదాకా నేనూ ఇబ్బందిపడ్డాను. అమ్మ అలా చెప్పడం మాత్రం మానలేదు.

ఇప్పుడు అమెరికాలోనే నేనుంటున్న క్యారీ అనే ఊళ్ళో, శనివారం తెలుగు బడికి వచ్చే పిల్లలకు, నేను ఆఫ్రికాలో పుట్టానని తెలిస్తే కళ్ళు పెద్దవవుతాయి. "ఆంటీ, ఆఫ్రికా ఎలా ఉంటది చెప్పరా?" అంటారు. చెబుతాను. రాగి గురించి, నదుల గురించి, న్షీమా గురించి చెబుతాను. అయితే నోరు తెరవగానే నా ఒళ్ళంతా ఒక్కసారి వేడెక్కుతుంది. నాలుగో తరగతి బల్ల ముందు కూర్చున్నట్టే ఉంటుంది. అందుకని మొదట నాకు తెలియనిది చెప్పి మొదలుపెడతాను. అక్కడ నాకు తెలిసింది ఒక వీధి, ఒక పెరడు, ఒక మనిషి వీపు అని, ఆ మనిషి గురించి కూడా తెలియాల్సింది తెలియదని చెబుతాను. ఇన్నేళ్ళయినా ఆ సిగ్గు తగ్గలేదు. అమ్మ దాన్ని దాచకుండా బతికింది. నేనూ అలాగే మోస్తున్నాను.