అక్కడ ఎవరూ అడగని ప్రశ్న

మా దీవిలో, గోల్ ఘర్ పేటలో ఉండే జ్ఞానయ్య ముప్పై ఏళ్లు రంపపు మిల్లులో దుంగలు కోశాడు. బీడీ ముట్టి ఎరగడు. అయినా ఊపిరితిత్తిలో కేన్సరని తేలగానే మా తెలుగు చర్చి సంఘంలో అందరూ ఒకటే అడిగారు, "బీడీలు తాగేవాడివా?" అని. నేనూ అడిగాను.

చెన్నైలో ఆపరేషను. మొదటిసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు అక్కడి డాక్టరు ఊపిరి పీల్చి లేపే మూడు బంతుల గొట్టం ఇచ్చి, మూడూ లేస్తేనే కత్తి పెడతానన్నాడు. ఫోన్లో ఒక గ్రూపు దొరికింది. అందరూ ఆ ఆపరేషను చేయించుకున్నవాళ్లే. రోజూ పొద్దున్నే జ్ఞానయ్య వీడియో పంపేవాడు. "అన్నా, రెండోది లేచింది, ఇంకొంచెం పీల్చు!" అని తిరుపతి నుంచి ఒకావిడ అరిచేది.

చెన్నై ఓడెక్కే ముందు ఆదివారం, ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళ సంఘపెద్ద రాజబాబు అతనివైపు తిరిగాడు.

"జ్ఞానయ్య భయ్యా, ఇప్పుడైనా ఒప్పేసుకో. పాపం ఒప్పుకుంటే ఆపరేషన్‌తో జరూరత్ ఏటుంది?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. జ్ఞానయ్య లేచాడు.

"నిన్న మూడో బంతి లేచింది. బుధవారం ఎల్తన్నాను. ఫోన్లో నలభై మంది ఉన్నారు, నా మొకం ఎదురుగా సూసినోలు కాదు. బీడీ తాగినావా అని ఒక్కలూ అడగలేదు. మీరు నా పెళ్లిలో వడ్డన చేసినోలు, మీరే అడిగినారు. నాకోసం ప్రార్థన చెయ్యొద్దు. మీ ప్రార్థనకి ఓడ మునిగిపోద్ది."

సాక్ష్యం చివర "దేవునికి స్తోత్రం" అనాలి, మేమంతా తిరిగి అనాలి. అతను అనకుండానే కూర్చున్నాడు. అలవాటుకొద్దీ నా నోట్లోకి వచ్చిన మాట సగంలో ఆగిపోయింది.